నోటు మీద తెలుగు: భారతీయ కాగితపు ద్రవ్యం రూపపరిణామంలో లిపుల స్థానం

నూరు రూపాయల నోటు ముందువైపు ఒక వాగ్దానం రెండు భాషల్లో ముద్రితమై ఉంటుంది. నోటు తెచ్చినవారికి నూరు రూపాయలు చెల్లిస్తానని రిజర్వు బ్యాంకు గవర్నరు హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఇచ్చిన మాట అది. దాని కింద సంతకం కూడా ఆ రెండు లిపుల్లోనే ఉంటుంది. వెనుకవైపు నిలువు పట్టికలో పదిహేను భాషలున్నాయి. వాటిలో పద్నాలుగో వరుస తెలుగుది: 'నూరు రూపాయలు'. అక్కడ ఉన్నది మొత్తం మాత్రమే. చెల్లించే కర్త లేడు, చెల్లిస్తాననే క్రియ లేదు.

తెలుగు వ్యవహారంలో 'నోటు' అనే మాటకు మరొక అర్థం స్థిరపడి ఉంది. 'నోటు రాసిచ్చాడు' అంటే అప్పుపత్రం రాసిచ్చాడని అర్థం. పల్లెల్లో ఇప్పటికీ రాసుకొనే ప్రామిసరీ నోటులో ఎవరు, ఎవరికి, ఎంత, ఎంత వడ్డీకి, కోరినప్పుడు ఎలా చెల్లించాలో పూర్తి వాక్యాలుగా తెలుగులో ఉంటుంది. ఇద్దరు రైతుల మధ్య చేతులు మారే నోటు తెలుగులో సంపూర్ణంగా మాట్లాడగలిగినప్పుడు, రాజ్యం జారీచేసే నోటు తెలుగులో సంఖ్య దగ్గరే ఎందుకు ఆగిపోయింది? ఈ ప్రశ్నకు సమాధానం నోటు రూపం మారుతూ వచ్చిన చరిత్రలో దొరుకుతుంది.

నోట్ల చరిత్ర మీద వచ్చిన రచనలలో అధికభాగం సేకర్తల అవసరాలను దృష్టిలో పెట్టుకొన్నవి. రంగు, సంతకం, వరుససంఖ్య, బొమ్మ అనేవి వాటిలో ప్రధాన విషయాలు. లిపుల పట్టికను వాటిలో ఒక గుర్తింపు లక్షణంగా పేర్కొని ముందుకు సాగడం పరిపాటి. నోటును జారీచేసేవాడు ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతున్నాడో తెలిపే ఆధారంగా ఆ పట్టికను చదవడం ఈ వ్యాసం చేసే ప్రయత్నం.

గోపురం నాణెం, మన్రో బొమ్మ

డబ్బు మీద తెలుగు లిపి కాగితంతో మొదలు కాలేదు. ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రాంతం కోసం 19వ శతాబ్దం తొలి సంవత్సరాలలో ముద్రించిన వెండి అర వరహా, పావు వరహా నాణేలకు ఒకవైపు నక్షత్రాల నడుమ గోపురం, మరొకవైపు విష్ణుమూర్తి ఉండగా, వాటి విలువ తెలుగు, తమిళ లిపుల్లో కూడా కనిపిస్తుంది. వ్యాపారం చేసుకొనే కంపెనీకి, తన నాణెం కోమటి అంగడిలో చెల్లాలంటే అక్కడి లిపి కావాలన్న సంగతి బాగా తెలుసు. 1835లో దేశమంతటికీ ఒకే కంపెనీ రూపాయి వచ్చినప్పుడు దాని మీద ఇంగ్లీషు, పారశీక లిపులు మాత్రమే మిగిలాయి. ఏకరూపత వచ్చిన ప్రతిచోటా స్థానిక లిపికి చోటు తగ్గడం ఇక్కడే మొదటిసారి చూస్తాం.

ఈ దశలో కాగితపు నోట్లు ప్రభుత్వానివి కావు, బ్యాంకులవి. కలకత్తాలో బ్యాంక్ ఆఫ్ బెంగాల్ నోట్లు మొదట ఒకవైపు మాత్రమే ముద్రితమయ్యేవి. తరువాతి వరుసలో వాణిజ్యానికి ప్రతీకగా ఒక స్త్రీమూర్తి వచ్చింది. బ్యాంకు పేరు, నోటు విలువ ఉర్దూ, బెంగాలీ, నాగరి లిపుల్లో వేశారు. 19వ శతాబ్దం నడిమిభాగంలో ఆ స్త్రీమూర్తి స్థానంలో బ్రిటానియా బొమ్మను నిలిపి, దొంగనోట్లను అడ్డుకోవడానికి అల్లిక నగిషీలు, పలు రంగులు చేర్చారు.

తెలుగు పాఠకుడికి ఇంతకంటే ఆసక్తి కలిగించేది 1843లో ఏర్పడిన బ్యాంక్ ఆఫ్ మద్రాస్ నోటు. దాని మీద సర్ థామస్ మన్రో బొమ్మ ఉండేది. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా పనిచేసి, తరువాత మద్రాసు గవర్నరై, 1827లో కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో మరణించిన మన్రోకు రాయలసీమ జనస్మృతిలో ప్రత్యేక స్థానం ఉంది. బిడ్డలకు మన్రోలప్ప, మన్రోలయ్య అని పేర్లు పెట్టుకొన్న ప్రాంతమది. రైత్వారీ పద్ధతిలో పన్ను కట్టించుకొన్న అధికారి ముఖమే నోటుకు నమ్మకం సమకూర్చే చిహ్నమైంది. అయితే ఆనాటి బ్యాంకు నోట్లు పెద్ద వర్తకుల చేతుల్లో, నగరాల్లో తిరిగినవి. మన్రో పేరు పెట్టుకొన్న కుటుంబాలకు ఆ నోటును చూసే అవకాశం ఉండి ఉండదనే భావించాలి.

మండలమూ భాషా

1857 తిరుగుబాటు తరువాత ఖాళీ అయిన ఖజానాను చక్కదిద్దడానికి వచ్చిన తొలి ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ ప్రభుత్వ నోట్ల పథకాన్ని ప్రతిపాదించాడు. 1860లోనే ఆయన కలకత్తాలో మరణించాడు. మరుసటి సంవత్సరం కాగితపు ద్రవ్య చట్టం వచ్చింది. ప్రెసిడెన్సీ బ్యాంకుల జారీ అధికారం రద్దై, నోటు ప్రభుత్వ గుత్తసొత్తు అయింది. తొలి నోట్ల మీద విక్టోరియా రాణి చిన్న బొమ్మ, చేతితో పోసిన కాగితంలో నీటిగుర్తు, అచ్చువేసిన సంతకం, నమోదు సంఖ్య ఉండేవి. ముద్రణ ఇంగ్లండులో జరిగేది, నోటుకు వెనుకవైపు ఖాళీ. ముందువైపున రెండు దేశభాషలకు గళ్లు కేటాయించారు.

ఆ గళ్ల అర్థం తెలియాలంటే ఆనాటి మండల వ్యవస్థ తెలియాలి. దేశాన్ని కరెన్సీ మండలాలుగా విభజించారు. కలకత్తా, బొంబాయి, మద్రాసు ప్రధాన కేంద్రాలు కాగా వాటి కింద మరికొన్ని శాఖలు ఏర్పడ్డాయి. మద్రాసు పరిధిలో తిరుచిరాపల్లి, కాలికట్‌లతోపాటు విశాఖపట్నం, కాకినాడ పేర్లు కూడా ఆ కాలపు నోట్ల మీద కనిపిస్తాయి. నోటును వెండి రూపాయలుగా మార్చుకొనే చట్టబద్ధమైన హక్కు ఆ నోటు జారీ అయిన మండలంలోనే ఉండేది. విశాఖపట్నం పేరున్న నోటును లాహోరులో తీసుకొని తీరాలనే నిర్బంధం ఎవరికీ లేదు. కాబట్టి ఆనాటి నోటు మీద వాగ్దానం ఒక ఊరికి కట్టుబడిన వాగ్దానం.

ఈ పద్ధతి వాణిజ్యానికి ఆటంకమని అప్పుడే విమర్శలు వచ్చాయి, అవి సమంజసమైనవే. కాని లిపి దృష్టితో చూస్తే ఇందులో ఒక తర్కం ఉంది. నోటు ఎక్కడ చెల్లుతుందో ఆ ప్రాంతపు భాష దాని మీద ఉండేది. భాష మారితే మండలం మారినట్టు, చదువుకొన్నవాడికి లిపి చూడగానే నోటు ఎక్కడిదో తెలిసేది. దేశభాష అప్పుడు అలంకారమూ కాదు, గౌరవసూచకమూ కాదు, నోటు పనిలో ఒక భాగం.

విక్టోరియా బొమ్మ నోట్లకు దొంగనోట్ల బెడద త్వరగానే తగిలింది. 1867లో వాటిని ఉపసంహరించి, అడుగున లేతరంగు అల్లిక ముద్రణ గల కొత్త వరుసను ప్రవేశపెట్టారు. రాణి బొమ్మ పోయింది. ఆకుపచ్చ అడుగుముద్రణ గల ఈ నోట్లలో భాషల గళ్లు రెండు నుంచి నాలుగుకు పెరిగాయి, ఏ మండలపు నోటో దానినిబట్టి భాషలు మారేవి. ముఖచిత్రం కంటే గీతల అల్లికనే ఎక్కువ నమ్ముకోవడం ఈ మార్పులో కనిపిస్తుంది. ఆ తరువాత దాదాపు అర్ధశతాబ్దం పాటు భారత ప్రభుత్వ నోటు మీద రాజుగాని రాణిగాని ముఖచిత్రంగా లేరు. 1923లో ఐదవ జార్జి బొమ్మతో పది రూపాయల నోటు వచ్చేదాకా వలస ప్రభుత్వం తన నోటును ప్రధానంగా అక్షరాలతోనే నడిపింది.

ఆ కాలపు వాడుకలో ఒక విశేషం చెప్పుకోవాలి. దూరప్రాంతానికి డబ్బు పంపేవారు నోటును రెండుగా కత్తిరించి, ముందు ఒక సగం టపాలో పంపేవారు. అది చేరిందని జాబు వచ్చాక రెండో సగం పంపేవారు. నోటుకు రెండు చివరలా సంఖ్య అచ్చువేసి ఉండటం వల్ల రెండు ముక్కలనూ జతపరచడం సులభమయ్యేది. నోటు రూపకల్పన చేసినవాడు తలపెట్టిన ఉపయోగం ఒకటైతే, ప్రజలు కనిపెట్టిన ఉపయోగం మరొకటి.

ఎనిమిది లిపులు

1903-1911 మధ్య ఐదు, పది, యాభై, వంద రూపాయల నోట్లను దశలవారీగా సార్వత్రికం చేశారు. అంటే ఏ మండలపు నోటైనా దేశంలో ఎక్కడైనా మార్చుకోవచ్చు. ఎరుపు అడుగుముద్రణతో వచ్చిన నోట్లలో భాషల గళ్లు ఎనిమిదికి పెరిగాయి. సంఖ్య పెరిగింది కాబట్టి దేశభాషల స్థాయి పెరిగిందని భావించడం సహజం. నా అభిప్రాయంలో జరిగినది మరొకటి. మండలానికీ భాషకూ ఉన్న బంధం ఇక్కడ తెగిపోయింది. అంతకుముందు నోటు మీద ఉన్న భాష 'ఈ నోటు మీ ఊళ్లో చెల్లుతుంది' అని చెప్పేది. ఇప్పుడు ఎనిమిది భాషలూ కలిసి 'ఇది అంతటా చెల్లుతుంది' అని చెబుతున్నాయి. అంటే ఏ ఒక్క పాఠకుడికీ అందులో ఏడు వరుసలు అవసరం లేదు. చదవడానికి ఉద్దేశించిన లిపి లెక్కించడానికి ఉద్దేశించిన జాబితాగా మారే క్రమం ఈ సార్వత్రికతతోనే ఆరంభమైంది.

మొదటి ప్రపంచయుద్ధం ఈ జాబితాను సామాన్యుడి చేతికి తెచ్చింది. వెండి కొరత తీవ్రమై 1917 నవంబరులో ఒక రూపాయి నోటు, 1918 జనవరిలో రెండు రూపాయల ఎనిమిది అణాల నోటు వెలువడ్డాయి. అంతవరకు వెండి రూపాయిని మోగించి చూసి తీసుకొన్న కూలీ చేతిలో మొదటిసారి కాగితం పడింది. ఆ రూపాయి నోటు మీది ఎనిమిది లిపుల్లో తెలుగు, బర్మీస్ రెండూ ఉన్నాయి. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి రంగూను వెళ్లి రేవుల్లో, మిల్లుల్లో పనిచేసిన తెలుగు కూలీలకు ఆ రెండు లిపులూ ఒకే కాగితం మీద ఉండటం నిజజీవితానికి సరిపోయిన సంగతి. జాబితా పాఠకుడికి నిజంగా పనికివచ్చిన అరుదైన సందర్భమిది. 1937లో బర్మా భారతదేశం నుంచి పరిపాలనపరంగా విడిపోవడంతో ఆ జత అర్థం కోల్పోయింది.

ఇదే కాలంలో నాణెం మీద జరిగినది మరింత గమనార్హం. 1907 నుంచి వెలువడిన వంకీల అంచు గల నికెల్ మిశ్రమపు అణా మీద విలువను ఇంగ్లీషుతోపాటు నాగరి, బెంగాలీ, ఉర్దూ, తెలుగు లిపుల్లో ముద్రించారు. 1918-1919లలో నికెల్ మిశ్రమంతోనే వచ్చిన రెండు, నాలుగు, ఎనిమిది అణాల మీద కూడా ఇదే పద్ధతి సాగింది. దక్షిణాది భాషలలో ఈ చిల్లర నాణేల మీద స్థానం పొందినది తెలుగు ఒక్కటే. తెలుగు మాట్లాడేవారి సంఖ్యాబలం ఇందుకొక కారణమై ఉండవచ్చు. వలస పాలన ముగిసేవరకు పెషావరులో బీడీలు కొన్నవాడి చేతిలోనూ 'ఒక అణా' అనే తెలుగు అక్షరాలుండేవి. తెలుగు లిపి అంత విస్తారంగా మరే కాలంలోనూ తిరగలేదనడం అతిశయోక్తి కాదు.

హైదరాబాదు నోటు

బ్రిటిషు ఇండియా నోటు ఇలా ఉండగా తెలుగునాట మరొక నోటు ప్రత్యేక చరిత్రను నడిపింది. హైదరాబాదు సంస్థానం బ్యాంకింగ్ సంస్థను ఏర్పరచి కాగితపు ద్రవ్యం జారీచేయాలని అంతకుముందే పలుమార్లు ప్రయత్నించింది. సంస్థానాలు నోట్లు జారీచేయడం బ్రిటిషువారికి ఇష్టం లేకపోవడం వల్ల అవి సాగలేదు. యుద్ధకాలపు వెండి కొరత, యుద్ధానికి నిజాము అందించిన సాయం వారి వైఖరిని సడలించాయి. 1918లో హైదరాబాదు చట్టం కింద పది, వంద రూపాయల నోట్లు, 1919లో ఒకటి, ఐదు రూపాయల నోట్లు, 1926లో వెయ్యి రూపాయల నోటు వెలువడ్డాయి. ఈ ద్రవ్యానికి ఉస్మానియా సిక్కా అని పేరు. జనం హాలీ సిక్కా అన్నారు. బ్రిటిషు రూపాయి వారికి కల్దారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం. లెక్కప్రకారం 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ, నూరు కల్దారు. బెజవాడకు, షోలాపూరుకు సరుకు తోలే ప్రతి వర్తకుడూ ఈ గుణకారం నోటికి నేర్చుకోవలసివచ్చింది.

లండనులోని వాటర్లో అండ్ సన్స్ సంస్థ అచ్చువేసిన ఈ నోట్ల మీద నిజాము బొమ్మ లేదు. చార్మినారును నాణెం మీద నిలిపిన ప్రభుత్వం నోటుకు అక్షరశిల్పాన్నే ఆశ్రయించింది. ఉర్దూ రాత ప్రధాన స్థానంలో ఉండగా, విలువ ఇంగ్లీషు, తెలుగు, మరాఠీ, కన్నడ భాషల్లో కూడా ఉంది. తేదీ ఫసలీ సంవత్సరంలో ఉంటుంది. సంస్థానంలోని మూడు భాషా ప్రాంతాలకూ నోటు మీద చోటు దొరికింది. నాసిక్ ముద్రణాలయం ఏర్పడిన తరువాత హైదరాబాదు నోట్లు అక్కడే అచ్చయ్యాయి.

ఇక్కడ కాలాన్ని పోల్చి చూడాలి. తెలుగు అక్షరాలతో నోటు వెలువడిన 1918లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ప్రారంభమైంది. భారతీయ భాష ఒకటి విశ్వవిద్యాలయ బోధనభాష కావడం గొప్ప ప్రయోగమే. కాని రాజ్యజనాభాలో దాదాపు సగం మంది మాట్లాడే తెలుగుకు ఆ ప్రయోగంలో భాగం లేదు. కచేరీ, న్యాయస్థానం, ఉన్నతవిద్య ఉర్దూలోనే నడిచాయి. మూడేళ్ల తరువాత 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని ప్రాంగణంలో జరిగిన సంఘసంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలిచేశారు. ఆ అవమానం నుంచే నిజాం రాష్ట్ర ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ సభలో గేలిచేసినవారి జేబుల్లో ఉన్న హాలీ నోట్ల మీద తెలుగు ఉండే ఉంటుంది. పన్ను వసూలుకు, సంతలో చలామణికి రాజ్యానికి తెలుగు లిపి కావాలి. సభలో మాట్లాడటానికి, పాఠం చెప్పడానికి అదే రాజ్యం దానికి చోటివ్వలేదు. నోటు మీద స్థానం భాషకు అధికారం కలిగించదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం నాకు కనిపించలేదు.

హాలీ నోటు చివరిదశ రాజకీయమైనది. 1947 నవంబరు 29న యథాతథ ఒప్పందం కుదిరిన కొద్దికాలానికే నిజాం ప్రభుత్వం తన రాజ్యంలో భారత కరెన్సీ చట్టబద్ధంగా చెల్లదని ఆర్డినెన్సు తెచ్చింది. ఒప్పందాన్ని ఉల్లంఘించిన చర్యలలో ఒకటిగా భారత ప్రభుత్వం దీన్ని ఎత్తిచూపింది. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో చేరిన తరువాత కూడా హాలీ సిక్కా వెంటనే అదృశ్యం కాలేదు, 1950ల దశకంలో క్రమంగా భారత రూపాయికి చోటిచ్చింది.

సింహాల తలలు

రిజర్వు బ్యాంకు 1935లో ఏర్పడినా దాని తొలి నోటు 1938 జనవరిలో ఆరవ జార్జి బొమ్మతో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో జపాను ముద్రించిన నాణ్యమైన దొంగనోట్ల వల్ల నీటిగుర్తులో రాజు ముఖాన్ని పక్కచూపు నుంచి ఎదురుచూపుకు మార్చారు. భద్రతా దారం భారతీయ నోటులో మొదటిసారి చేరినది కూడా అప్పుడే. ఈ మార్పులేవీ భాషల గళ్లను ముట్టుకోలేదు.

స్వాతంత్ర్యం తరువాత రాజు బొమ్మ స్థానంలో గాంధీజీ చిత్రం వేయాలని మొదట అనుకొని నమూనాలు కూడా తయారుచేశారు. చివరకు సారనాథ్ సింహస్తంభం వైపు మొగ్గు చూపారు. 1949లో ఒక రూపాయి నోటు ఆ చిహ్నంతో వెలువడింది. గాంధీజీ చిత్రం 1969 శతజయంతి నోట్ల మీద, 1987లో ఐదువందల నోటు మీద, 1996 నుంచి అన్ని నోట్ల వరుస మీద స్థిరపడింది. 1953లో హిందీకి నోటు మీద ప్రముఖస్థానం ఇచ్చినప్పుడు 'రూపయా' అనే మాటకు హిందీలో బహువచనం ఏమిటన్న చర్చ జరిగి, 'రూపయే' అని తేలింది. హిందీ బహువచనం జాతీయస్థాయి చర్చకు వచ్చిన సందర్భంలో తెలుగు గళ్లు నిశ్శబ్దంగానే ఉన్నాయి.

తెలుగుకు జరిగిన అసలు నష్టం నోటు మీద కాదు, నాణెం మీద. 1950లో గణతంత్ర భారతం జారీచేసిన అణాల వరుసలో హిందీ, ఇంగ్లీషు మాత్రమే ఉన్నాయి. వలస ప్రభుత్వం నాలుగు దశాబ్దాలు ముద్రించిన 'ఒక అణా' తెలుగు అక్షరాలను స్వతంత్ర ప్రభుత్వం తొలగించింది. తెలుగుతోపాటు బెంగాలీ, ఉర్దూ కూడా పోయాయి. ఈ విషయం తెలుగు చరిత్ర రచనలో తగినంతగా చర్చకు రాలేదు. ఆంధ్ర రాష్ట్రం కోసం 1952లో పొట్టి శ్రీరాములు నిరశన సాగించిన నాటికి తెలుగువారి చిల్లర మీద తెలుగు మాయమై రెండేళ్లయింది.

నాణెం మీద పోయిన భాషలన్నీ నోటు మీద జాబితాగా పెరిగాయి. ఎనిమిది గళ్లు కాలక్రమంలో పదమూడయ్యాయి. 1992 రాజ్యాంగ సవరణలో కొంకణి, మణిపురి, నేపాలీ ఎనిమిదో షెడ్యూలులో చేరిన తరువాత కొంకణి, నేపాలీలతో పట్టిక పదిహేనుకు చేరింది. అదే సవరణలో చేరిన మణిపురి మాత్రం పట్టికలో లేదు. 1967లో చేరిన సింధీ లేదు. 2003 సవరణలో చేరిన బోడో, డోగ్రీ, మైథిలి, సంతాలి లేవు. షెడ్యూలులో ఇరవై రెండు భాషలుండగా నోటు మీద, ఇంగ్లీషును కలుపుకొన్నా, పదిహేడే కనిపిస్తాయి. పట్టిక ప్రాతినిధ్యానికే అని చెప్పుకొన్నా ఆ ప్రాతినిధ్యం కూడా అసంపూర్ణమే.

వరుసక్రమం ఇంగ్లీషు అక్షరమాల ప్రకారం. అందువల్ల తమిళం, తెలుగు పక్కపక్కన, ఉర్దూకు ముందు వచ్చాయి. నూరు రూపాయల నోటులో ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. కన్నడ, మలయాళ, తమిళ, తెలుగు గళ్లు నాలుగింటిలోనూ ఒకే ద్రావిడపదం 'నూరు' కనిపిస్తుంది. వాడుకలో తెలుగువాడు 'వంద నోటు' అంటాడే కాని 'నూరు నోటు' అనడం అరుదు. నోటు మీది తెలుగు నిత్యవ్యవహారం నుంచి ఒకడుగు దూరంగా, దస్తావేజు భాషకు దగ్గరగా నిలిచిపోయింది. ఎవరూ పనిగట్టుకొని చదవని వరుస అలా నిలిచిపోవడంలో ఆశ్చర్యం లేదు. 2003 నుంచి 2013 వరకు రిజర్వు బ్యాంకు గవర్నర్లుగా ఉన్న వై.వి. రెడ్డి, దువ్వూరి సుబ్బారావు ఇద్దరూ తెలుగువారే. ఆ పదేళ్ల నోట్ల మీద వారి సంతకాలు హిందీ, ఇంగ్లీషుల్లో ఉన్నాయి, తెలుగులో ఉండే వీలు నోటు నమూనాలో లేదు.

ఒక రూపాయి నోటు ఈ విషయంలో మినహాయింపు. దాన్ని జారీచేసేది భారత ప్రభుత్వం, సంతకం ఆర్థికశాఖ కార్యదర్శిది. చట్టం దృష్టిలో అది నాణెంతో సమానం కాబట్టి దాని మీద చెల్లింపు వాగ్దానం ఏ భాషలోనూ లేదు. అన్ని భాషలూ సమానంగా మొత్తం మాత్రమే చెప్పే నోటు అదొక్కటే.

చూపు, స్పర్శ

అక్షరం రానివారు నోటును ఎలా గుర్తిస్తారు? రంగుతో, కొలతతో, బొమ్మతో. తెలుగులో 'పచ్చనోటు' అనే మాట డబ్బుకు పర్యాయపదంగా స్థిరపడటం దీనికి సాక్ష్యం. 1967లో పొదుపు కోసం నోట్ల కొలతలు తగ్గించారు. 1996 వరుసలో చూపులేనివారి కోసం ఉబ్బెత్తు ముద్రణలో గుర్తులు చేర్చారు: వందకు త్రిభుజం, ఐదువందలకు వృత్తం, తరువాత వచ్చిన వెయ్యికి వజ్రాకారం. ఆ వరుసలో వంద, ఐదువందలు, వెయ్యి నోట్ల పొడవులు 157, 167, 177 మిల్లీమీటర్లు. మధ్య తేడా సెంటీమీటరు, వేళ్లతో కొలవడానికి చాలు. 2015లో అంచుల్లో ఉబ్బెత్తు గీతలు కూడా చేరాయి.

2016 నవంబరు 8 నిర్ణయం తరువాత వచ్చిన కొత్త వరుసలో బొమ్మలు మారాయి. ఐదువందల మీద ఎర్రకోట, రెండువందల మీద సాంచి, యాభై మీద శ్రీకృష్ణదేవరాయల రాజధాని హంపి. రూపకల్పన గురించి పత్రికల్లో జరిగిన చర్చ అధికంగా ఈ బొమ్మల చుట్టూ, రంగుల చుట్టూ తిరిగింది. కొలతల మార్పు అంతగా చర్చకు రాలేదు. కొత్త వంద 142, రెండువందలు 146, ఐదువందలు 150 మిల్లీమీటర్లు. అంటే వరుసగా వచ్చే రెండు నోట్ల మధ్య తేడా నాలుగు మిల్లీమీటర్లు, వెడల్పు ఈ మూడింటికీ ఒకటే, 66 మిల్లీమీటర్లు. నలిగిన నోటును వేలికొసతో కొలిచే అంధుడికి ఇది తేడా కిందకు రాదు. చూపులేనివారి సంఘం ఈ విషయమై బొంబాయి హైకోర్టును ఆశ్రయించింది. ఉబ్బెత్తు గుర్తులు వంద, ఆపై నోట్లకే ఉన్నాయి. కూరగాయల బండి దగ్గర, బస్సులో రోజంతా చేతులు మారే పది, ఇరవై, యాభై నోట్లకు లేవు.

1917లో వెండి రూపాయికి బదులు కాగితం అందుకొన్న కూలీకి ఆ కాగితం మీద తన లిపి ఒకటైనా ఉండేది, చదవగలిగితే చదివేవాడు. చూపులేని మనిషికి పట్టికలోని పదిహేను వరుసలూ సమానంగా శూన్యమే. ఆ లోటు పూరించడానికి రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న 'మణి' అనే మొబైల్ యాప్‌ను విడుదల చేసింది. నోటును ఫోను కెమెరా ముందు పెడితే విలువను పైకి చదివి వినిపించే ఈ సాధనం తన ప్రారంభంలో పలికిన భాషలు రెండు: హిందీ, ఇంగ్లీషు.